పిండిబస్తా మీద చెయ్యి

ఫిలీనా టటిల్ టెలిఫోను ఎత్తింది దొంగచాటుగా వినడానికి కాదు. మా వెస్ట్ హాల్ఫర్డులో కొండవైపు ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే తీగ. ఒకరికి గంట మోగితే అందరికీ మోగుతుంది. మోగిన గంటకు పలక్కపోతే మర్యాద కాదని ఆవిడ ఉద్దేశం. ఎవరి గంట అన్నది తర్వాతి సంగతి. ఆ పూట మోగిన గంట చిత్రకారుడు ఎవరెట్ లూమిస్‌ది. న్యూయార్కు నుంచి పత్రిక ఎడిటరు స్టెడ్‌మన్ మాట్లాడుతున్నాడు. మధ్యలో వెర్మాంట్ కొండలు, కొండల మీద గాలి, గాలిలో మంచు. ఇన్నిటినీ దాటించాలని లూమిస్ కేకలు పెడుతున్నాడు.

“శవం చూపిస్తాను! ఊరంతా చూశాక పెట్టెలో పెట్టి మేకులు కొట్టేస్తాను. బుధవారం పొద్దున్నే రైలెక్కిస్తాను. లేదు, ఇంకా పచ్చిగానే ఉంది. వాసన కూడా పోలేదు, కిటికీలన్నీ తీసే ఉంచాం!”

ఫిలీనా టెలిఫోను పెట్టేసి కుర్చీలో కూలబడింది. లూమిస్ భార్య ఆగ్నెస్ ఆదివారం చర్చిలో కనబడలేదు. జలుబన్నారు. ఇంతటి జలుబా?

శనివారం మధ్యాహ్నం ఆగ్నెస్ లూమిస్ తలుపు తీసేసరికి గుమ్మంలో నల్లటోపీ పెట్టుకుని, చేతిలో చావింటికి తీసుకెళ్ళే ఆపిల్ ‘పై’ రొట్టె పట్టుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని ఫిలీనా నిలబడి ఉంది. వెనకాల కొండవైపు ఇళ్ళవాళ్ళంతా ఉన్నారు. అందరి చేతుల్లోనూ పైలే.

“నువ్వు ఉన్నావా?” అంది ఫిలీనా.

“ఎక్కడికి పోతాను? డోనట్లు వేగుతుంటే!”

“మరి లోపల పెట్టెలో ఎవరు?”

ఆగ్నెస్‌కు అర్థం కాలేదు. ఆవిడ వెనకనుంచి వచ్చిన లూమిస్‌కు నెమ్మదిగా అర్థమైంది. “శనివారం అన్నానమ్మా నేను! శనివారం బొమ్మ చూపిస్తానని!”

ఆయన అన్నది శనివారమే. ‘ని’ని గాలి ఎత్తుకుపోయింది, ‘ర’ ఎక్కడో తీగలో ఇరుక్కుంది, దీర్ఘాన్ని మంచు మింగింది. మిగిలింది శవం.

“పచ్చిగా ఉందన్నావు!”

“రంగు!”

“వాసన అన్నావు!”

“కర్పూరతైలం!”

ఫిలీనా ఒక్క క్షణం ఆగ్నెస్‌ను పైనుంచి కిందికి చూసింది. పై చేయడానికి అంత శ్రమా పడ్డాక ఆ మనిషి ఇంత ఆరోగ్యంగా ఉండటం ఆవిడకు అంతగా నచ్చలేదు. అయినా పై వెనక్కి పట్టుకుపోవడం బావుండదు గనక లోపలికి వచ్చింది. ఊరంతా వెనకాలే వచ్చింది. అలా ఆ నెల బొమ్మ చూపు నల్లబట్టల్లో జరిగింది.

బొమ్మ చూపు మా ఊరి ఆనవాయితీ. లూమిస్ ఏ పత్రిక అట్ట కోసం ఏ బొమ్మ వేసినా, దాన్ని చెక్కపెట్టెలో పెట్టి పంపేముందు ఊరివాళ్ళను కొట్టంలోకి పిలుస్తాడు. ఆ కొట్టంలో ఇదివరకు గుర్రాలుండేవి, ఇప్పుడు రంగులున్నాయి. కాఫీ, డోనట్లు ఆయనవి. తప్పులు పట్టే హక్కు ఊరిది. ఒకసారి గుర్రం జీను బకిల్ ఎడమవైపు వేశాడని చెబితే కిక్కురుమనకుండా మళ్ళీ వేశాడు. ఎందుకంటే లూమిస్ చేయి తిరిగిన చిత్రకారుడే గానీ, కళ్ళెదుట లేనిదాన్ని గీయమంటే చేతులెత్తేస్తాడు. కెటిల్ గీయాలంటే ఎదురుగా కెటిల్ ఉండాలి; దానిలో నీళ్ళు కాగుతుండాలి. మనిషిని గీయాలంటే మనిషి కూర్చోవాలి. కూర్చునేది మా ఊరివాళ్ళే. కొండవైపు ఇళ్ళలో ఏదో ఒక పత్రిక అట్టమీదకు ఎక్కని గడ్డమంటూ లేదు.

ఆనవాయితీలో రెండో భాగం ఉంది. బొమ్మలో ఎవరెవరున్నారో ఊరు పోల్చుకోవాలి. పేరు ఎవరెట్ గనకనో ఏమో, ఆయన బొమ్మ ముందు నిలబడ్డ ప్రతివాడూ ‘ఎవరు? ఎవరు?’ అనే అంటాడు. ఆయన మాత్రం చెప్పడు. ఎవరు కూర్చున్నారో వాళ్ళే చెప్పుకోవాలి; ఇష్టం లేకపోతే చెప్పుకోరు. లూమిస్ తన నోటితో ఒక్క పేరు చెప్పినా రేపటినుంచి ఆ కుర్చీలో పిల్లి కూడా కూర్చోదు.

గుడ్డ తీశాడు.

రైల్వేస్టేషను. చలికాలం. రైలు తప్పిపోయిన ముసలి జంట ఒక బెంచీ మీద నిద్రపోతున్నారు. బూట్ల కింద మంచు కరిగి మడుగు కట్టింది. ఆవిడ తల ఆయన భుజం మీద. ఆయన పాత ఎలుగుబంటి కోటులో, తెల్లగడ్డంలో కూరుకుపోయి ఉన్నాడు. ఇద్దరి మధ్యా, ఆవిడ చేతిమీద ఆయన చెయ్యి.

ఎవరూ తప్పు పట్టలేదు. ఆ చెయ్యి అలాంటిది. బరువుగా లేదు, తేలిగ్గా లేదు. నిద్రలో కూడా ఎదటిమనిషిని నిద్రలేపకూడదని తెలిసిన చెయ్యి. జనం ఒకరి నల్లటోపీ మీదుగా ఒకరు చూస్తూ కాఫీ తాగడం మరచిపోయారు.

“ఆ కోటు మాది,” అంది ఫిలీనా.

“అవును ఫిలీనా, మీ ఆయన ఏసాను అడిగి తెచ్చుకున్నా.”

“ఆ వేలు కూడా మాదే.”

అందరూ ఇంకా దగ్గరికి వంగారు. చూపుడువేలు సగానికే ఉంది. ఏసా టటిల్ చర్చి పెద్దల్లో ఒకడు, డీకను; ఇంట్లో చీజు తయారుచేస్తాడు, ఊళ్ళో ఎవరి వ్యవహారంలోనూ వేలు పెట్టడు. పెట్టాలన్నా ఉన్నది సగమే. తక్కిన సగం చీజు మరలో పడిపోయింది. ఆ సమయంలో ఏసా పొయ్యి పక్కన నిలబడి, ఇంకో డోనట్ తీసుకుంటే బావుంటుందా ఉండదా అని ఆలోచిస్తున్నాడు.

“మా ఆయన చెయ్యి,” అంది ఫిలీనా, “ఎవరి చేతిమీద ఉంది?”

కొట్టమంతా తిరిగి పోస్టాఫీసు నడిపే లెటీ క్రోవెల్‌ను చూసింది. బొమ్మలో ఆవిడ ముఖాన్ని ఎవరైనా పోల్చుకుంటారు: ఆ టోపీ, ఆ కుడికనుబొమ్మ మీది పుట్టుమచ్చ. పెనిమిటి పోయి చాలా ఏళ్ళయింది. తలవంచుకుని ఉత్తరాలు వేరుచేసుకునే మనిషి. ఆ తల వెళ్ళి డీకను భుజం మీద వాలింది!

“ముఖం చూడండి, ముఖం!” అన్నాడు లూమిస్. “ముఖం ఏసాది కాదు!”

“ముఖానిదేముంది ఎవరెట్? గడ్డం పెడితే అన్ని ముఖాలూ ఒకటే. పెళ్ళయిన దగ్గరనుంచీ నేను కట్టు కట్టింది ముఖానికి కాదు, ఆ వేలికి.”

“మరి ముఖం ఎవరిది?” అని వెనకనుంచి ఎవరో అడిగారు.

లూమిస్ చూపు దానంతటదే మంగలి ఆరిన్ పెక్ మీదికి పోయింది. ఆరిన్ నోటినిండా డోనట్ కుక్కుకుని, కొట్టం పైకప్పులో దూలాలు లెక్కపెడుతున్నాడు.

లూమిస్ నోరు మూసుకున్నాడు.

ఆ ముఖం ఆరిన్‌ది. ఊరివాళ్ళు పోల్చుకోలేకపోవడంలో తప్పేం లేదు. గడ్డం గుర్రపువెంట్రుకలతో చేసింది, కళ్ళజోడు తీసేశాడు, అన్నిటికన్నా ముఖ్యం, ఆ బొమ్మలో నోరు మూసి ఉంది. నోరు మూసుకున్న ఆరిన్‌ను మా ఊరు అంతవరకూ చూడలేదు. కత్తెర ఆగినా ఆయన నాలుక ఆగదు. లూమిస్ బొమ్మలంటే ఆయనకు పెద్ద వేళాకోళం. “నా కుర్చీలో కూర్చుంటే కాఫీ చల్లారేలోగా మనిషి మారిపోతాడు. ఎవరెట్ కుర్చీలో వారాలు కూర్చున్నా, లేచేది వెళ్ళినవాడే!” అని షాపులో రోజుకొకడికైనా చెప్పేవాడు. అలాంటివాడు ఒక సోమవారం దొడ్డిదారిన కొట్టంలోకి వచ్చి, బొగ్గుతో సగం గీసిన బొమ్మలో లెటీ తలను చూసి, ఆ తల పక్కనున్న ఖాళీని చూసి, “కుర్చీ ఎక్కడ?” అన్నాడు. అంతే. ఆ తర్వాత, “ఊళ్ళో తెలిస్తే నా పరువు పోతుంది. నేను చెప్పేదాకా నువ్వు చెప్పకు,” అని చెయ్యి పట్టుకున్నాడు.

లెటీ కప్పు కింద పెట్టి బొమ్మ దగ్గరికి వచ్చింది. కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది. టోపీ సర్దుకుని, “బావుంది ఎవరెట్,” అని చెప్పి వెళ్ళిపోయింది.

ఫిలీనా తన పై తను తీసుకుంది. దాని వెనకాలే మిగతా పైలన్నీ లేచాయి.

ఆదివారం చర్చిలో టటిల్ గారి బెంచీకి ఒక కొస ఫిలీనా, ఇంకో కొస ఏసా కూర్చున్నారు. మధ్యలో ఇద్దరు లావుపాటి మనుషులు పట్టేంత జాగా. ఏసాకు జరిగిందేమిటో ఇంకా పూర్తిగా తెలీదు. తనకు నిన్నటినుంచీ పైలు పెట్టడం లేదనీ, పడక చీజుగదిలో వేశారనీ మాత్రం తెలుసు. సోమవారం పోస్టాఫీసులో అమ్మకాలు అమాంతం పెరిగాయి. ఎప్పుడూ ఉత్తరం రాయనివాళ్ళు కూడా వచ్చి ఒక స్టాంపు కొనుక్కుని, లెటీని తేరిపార చూసి, నాలుకతో స్టాంపు తడుపుకుంటూ వెళ్ళారు. ఆవిడ అందరికీ చిల్లర లెక్కకట్టి ఇచ్చింది.

అదే రోజు లూమిస్ కొత్త బొమ్మకు కూర్చోవాల్సినవాళ్ళు ముగ్గురు. ఒకరికి ఆవు ఈనుతోంది, ఒకరికి చలిజ్వరం, మూడో ఆయన కబురు కూడా పంపలేదు. ఖాళీ కుర్చీ ఎదుట బొగ్గు పట్టుకుని లూమిస్ కూర్చున్నాడు. ఖాళీ కుర్చీ గీశాడు. చాలా బాగా వచ్చింది.

మధ్యాహ్నం ఫిలీనా చేతులు కట్టుకుని వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“చెయ్యి తీసెయ్యి.”

“ఫిలీనా, వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా...”

“నేనేం ఏసాను అనుమానించడం లేదు. ఆ మనిషికి అంత తెలివి లేదు. కానీ వచ్చే నెల ఈ పత్రిక దేశంలో ఇంటింటికీ వెళ్తుంది. మా చెల్లెలు అయోవాలో తెప్పించుకుంటుంది. మా అత్తగారి అక్క మెయిన్‌లో తెప్పించుకుంటుంది. అందరికీ ఆ వేలు తెలుసు. అందరికీ నేనెవరో తెలుసు. బొమ్మలో ఉన్న ఆవిడ నేను కాదని కూడా తెలుస్తుంది. రైలెక్కేలోగా ఆ చెయ్యి పోవాలి. పోకపోతే ఈ ఊళ్ళో నీకు చెవి కూడా దొరకదు గీసుకోవడానికి.”

ఆవిడ వెళ్ళాక లూమిస్ గుడ్డను కర్పూరతైలంలో ముంచాడు. ఒక్కసారి తుడిస్తే చాలు; పచ్చిరంగు వచ్చేస్తుంది. ఆ చోట చేతిగ్లౌజు వేసేయొచ్చు. గ్లౌజు ఎవరిదీ కాదు. గ్లౌజుకు భార్య ఉండదు.

గుడ్డ పట్టుకుని బొమ్మముందు నిలబడ్డాడు.

ఇన్నేళ్ళుగా ఆయన గీసినవన్నీ నవ్వే ముఖాలు. కుక్కపిల్లను దాచుకున్న పిల్లలు, పళ్ళసెట్టు వెతుక్కునే తాతలు, మాడిన కేకును చూసి ఏడవబోతున్న కొత్తపెళ్ళికూతుళ్ళు. సబ్బుల కంపెనీకి బుగ్గలు, పొగాకు కంపెనీకి గడ్డాలు. పట్నం పత్రికల్లో చిత్రకళ గురించి రాసేవాళ్ళు ఆయన్ను తలచుకునేవాళ్ళు కాదు. తలచుకుంటే ‘కాలెండరు కళాకారుడు’ అనేవాళ్ళు. ఆయన పట్టించుకోనట్టే ఉండేవాడు. కానీ ఈ చెయ్యి వేరు. పాలు పితకడం అయ్యాక పొద్దున్నే వచ్చి ఏసా పిండిబస్తా మీద చెయ్యి పెట్టి కూర్చుంటే, కింద పచ్చమట్టి రంగు పూసి, దానిమీద పలచగా గులాబిరంగు పూసి, కణుపుల దగ్గర గీకి, నరం దగ్గర వేలితో రుద్ది, వారమంతా వేశాడు. చివరిరోజు కుంచె కింద పెట్టాక, ఇది తను గీసింది కాదేమో, అక్కడ ముందునుంచీ ఉన్నదేమో అనిపించింది. అలా అనిపించడం అదే మొదటిసారి.

“తుడిచేస్తే?” అంది ఆగ్నెస్ గుమ్మంలోంచి.

“మళ్ళీ రాదు.”

“తుడవకపోతే?”

“మనుషులు రారు.”

ఆగ్నెస్ ముక్కు చీదుకుంది. జలుబు మాత్రం నిజమే. “ఎలా గీశావో వాళ్ళకు తెలుసా?”

“చూసినవాళ్ళెవరు? ఏసా పొద్దున్న వస్తాడు. లెటీ పోస్టాఫీసు మూశాక వస్తుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.”

“అయితే చూపించు.”

ఆ సాయంత్రం స్టెడ్‌మన్ టెలిఫోను చేశాడు. రైలు విషయం కనుక్కుంటున్నాడు. తీగలో ఈసారి గాలి లేదు. ఊపిర్లు మాత్రం వినబడుతున్నాయి, రకరకాల ఊపిర్లు. ఒకరిది ఉబ్బసం. స్టెడ్‌మన్ పెట్టేశాక లూమిస్ టెలిఫోను పెట్టలేదు.

“మీరంతా వింటున్నారని తెలుసు,” అన్నాడు. “రేపు పాలు పితికాక అందరూ కొట్టంలోకి రండి. ఆ చెయ్యి ఎలా వేశానో చూపిస్తాను. చూశాక కూడా తుడిచెయ్యమంటే మీ ముందే తుడిచేస్తాను. ఫిలీనా, విన్నారా?”

ఒకదాని తర్వాత ఒకటి, టక్కు టక్కుమని కొండపొడుగునా టెలిఫోన్లు పడ్డాయి.

మంగళవారం కొట్టం కిక్కిరిసింది. ఫిలీనా ముందువరసలో కూర్చుంది. లెటీ పోస్టాఫీసు తలుపుకు ‘ఇప్పుడే వస్తాను’ అన్న అట్ట తగిలించి వచ్చి, వెనక తలుపు దగ్గర నిలబడింది. ఆరిన్ పెక్ షాపు మూసి వచ్చాడు. శనివారం నుంచీ ఆయన మాట్లాడటం తగ్గిపోయింది. గడ్డాలు గీయించుకునేవాళ్ళు ఆయనకు పంటినొప్పేమో అనుకుంటున్నారు.

లూమిస్ బెంచీ తెచ్చి వేశాడు. బెంచీ మీద పిండిబస్తా పెట్టాడు. ఏసాకు ఎలుగుబంటి కోటు తొడిగి పక్కన కూర్చోబెట్టాడు.

“ఆ రోజు ఎలా పెట్టావో అలాగే పెట్టు.”

ఏసా జనాన్ని చూశాడు. బస్తాను చూశాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత చెయ్యి ఎత్తి నెమ్మదిగా బస్తామీద పెట్టాడు. పెట్టినట్టు కాదు, దించినట్టు. సగం వేలు ఒక మడతలోకి ఒదిగింది. బొమ్మలో ఎలా ఉందో అచ్చం అలాగే.

“నేను చెప్పింది ఒకటే,” అన్నాడు లూమిస్. “దాన్ని లేపకుండా పట్టుకో అన్నాను.”

“బస్తానా?” అన్నారెవరో.

“బస్తానే.”

నవ్వులు మొదలయ్యాయి. ఫిలీనా నవ్వలేదు. లేచి వచ్చి, బెంచీ ముందు వంగి ఆ చేతిని చూసింది. సంతలో సరుకు చూసినట్టు ఇటునుంచి చూసింది, అటునుంచి చూసింది.

“ఏం ఆలోచిస్తున్నావు?”

“ఏం లేదు,” అన్నాడు ఏసా.

“ఏం లేకపోతే చెయ్యి అట్లా ఉండదు.”

ఏసా చెయ్యి తియ్యకుండానే చెప్పాడు. “చీజు. ముదిరిందో లేదో చూసేటప్పుడు నొక్కకూడదు. ఊరికే చెయ్యి పెట్టి ఉంచాలి. తర్వాత అదే చెబుతుంది.”

“ఏసా టటిల్,” అంది ఫిలీనా. భార్య ఇంటిపేరుతో పిలిచిందంటే మా ఊళ్ళో మగవాళ్ళు తలుపు ఎటుందో చూసుకుంటారు. “ఇన్నేళ్ళలో నామీద ఎప్పుడైనా అట్లా చెయ్యి వేశావా?”

ఏసా ఆలోచించాడు. నిజాయితీపరుడు గనక తొందరపడలేదు.

“నువ్వెప్పుడైనా కదలకుండా ఉన్నావా ఫిలీనా?” అన్నాడు. “బస్తా ఉంది.”

కొట్టం అదిరిపోయింది. ఒకాయన నవ్వలేక, గుర్రాలకు మేత వేసే పాత గాడి పట్టుకుని నిలబడ్డాడు. ఫిలీనా ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత మామూలైంది, తర్వాత ఎవరికీ తెలియని రంగేదో వచ్చింది. లూమిస్ ఆ రంగు ఎలా కలపాలా అని ఆలోచించాడు కూడా. ఆవిడ గ్లౌజులు ఊడదీసి జేబులో పెట్టుకుంది. పిండిబస్తాను ఒక్క చేత్తో ఎత్తి నేలమీద పడేసింది. ఆ చోట తను కూర్చుని, చెయ్యి బెంచీ మీద బోర్లా పెట్టింది.

“పెట్టు,” అంది.

ఏసా పెట్టాడు. చెయ్యి చెక్కముక్కలా వచ్చి పడింది.

“పెట్టమంటే కొట్టమని కాదు,” అంది ఫిలీనా.

“అందరూ చూస్తున్నారే!”

“బస్తా మీద పెట్టినప్పుడు చూడలేదా?”

“ఊపిరి తీసుకో ఏసా,” అన్నాడు లూమిస్. కుంచె ఆయన చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆయనకే తెలీదు.

టటిల్ గారింట్లో పైచేయి ఎప్పుడూ ఫిలీనాదే. ఇప్పుడు ఆవిడ చెయ్యి కింద ఉంది, కదలడం లేదు. ముక్కుమీద దురద పుట్టిందని తెలుస్తూనే ఉంది, గోక్కోలేదు. జడలోంచి ఒక పిన్ను జారుతోంది, సర్దుకోలేదు. పొయ్యిలో ఒక దుంగ విరిగిపడింది. ఇంటిదగ్గరైతే ఈపాటికి లేచి దాన్ని నాలుగు తిట్లు తిట్టి లోపలికి తోసేది. లేవలేదు. కొంతసేపటికి ఏసా భుజం దిగింది. తర్వాత మోచెయ్యి. తర్వాత చెయ్యి మెల్లగా బరువు వదిలేసి, సగం వేలు ఆవిడ ఉంగరం పక్కకు వచ్చి ఆగింది.



“ఆ చెయ్యి తుడవొద్దు ఎవరెట్,” అంది ఫిలీనా, గొంతు కూడా కదలకుండా ఉండాలన్నట్టు. “ఏసాది ఉండనీ. దానికింద ఆవిడ చెయ్యి తీసేసి నాది వెయ్యి.”

“ఆ కింది చెయ్యి నాది కాదు,” అంది లెటీ తలుపు దగ్గరనుంచి. “నాకప్పుడు వేళ్ళు చలికి పగిలి ఉన్నాయి. పనికిరావన్నాడు.”

“మరి ఎవరిది?”

“నాది,” అంది ఆగ్నెస్, డోనట్ల పళ్ళెం పట్టుకుని. “చేతులు ఎప్పుడూ నావే వాడతాడు. ఊరికే వస్తాయిగా.”

ఫిలీనా తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి ఆగ్నెస్‌ను చూసింది. “నువ్వు పోయావనుకున్నప్పుడే నయం,” అంది. ఆ తర్వాత ఆవిడ కూడా నవ్వింది, చెయ్యి కదలకుండా.

లూమిస్ అప్పటికే గీకడం మొదలుపెట్టాడు. పై చెయ్యి అంచు ముట్టకుండా, ఆగ్నెస్ వేళ్ళను ఒక్కొక్కటే చిన్నకత్తితో తీసేసి, ఫిలీనా కణుపులను వేశాడు. ఈ చేతికి ఎముకలెక్కువ, ఓపిక తక్కువ. ఆ తక్కువ ఓపికే ఇప్పుడు కదలకుండా ఉంది; అదే వేయాలి. వెనకాల జనం తప్పులు పట్టకుండా చూశారు.

“అయితే లెక్క చెప్పు ఎవరెట్,” అన్నాడు గుర్రపుగాడి పట్టుకున్నాయన. “కోటు ఏసాది. చెయ్యి ఏసాది. కింది చెయ్యి ఇప్పుడు ఫిలీనాది. లెటీ తల దేనిమీద ఆనించింది?”

“ఆపిల్ పళ్ళ పీపా మీద,” అన్నాడు లూమిస్.

మళ్ళీ నవ్వులు. అయితే ఈసారి కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి. ముందురోజు స్టాంపులు కొనుక్కున్నవాళ్ళంతా నేల చూశారు.

“పీపా కోసం నన్ను ఇంతలా ఆడిపోసుకున్నారన్న మాట,” అంది లెటీ. గొంతులో కోపం లేదు. “మెడ కూడా పట్టేసింది.”

“మిగిలింది ముఖం,” అన్నాడు గాడి పట్టుకున్నాయన. “ముఖం మాత్రం...”

లూమిస్ కుంచె నోట్లో పెట్టుకుని చేతులు తుడుచుకుంటున్నాడు. చెప్పకూడదు. నోట్లో కుంచె ఉండటం మేలైంది.

“నాది,” అన్నాడు ఆరిన్ పెక్.

ఎవరూ నమ్మలేదు. అంత అన్యాయంగా ఎవరూ నమ్మకపోవడం ఆయన ఊహించలేదు. “నీదా? ఎవరెట్ కుర్చీలో నువ్వా?” “ఆ బొమ్మలో ఆయన మర్యాదగా ఉన్నాడయ్యా!” “నీ ముఖం అయితే అందులోంచి మాటలు వినబడవూ?” మంగలిషాపులో ఇన్నాళ్ళుగా ఆయన ఇచ్చినవన్నీ వడ్డీతో తిరిగొచ్చాయి. ఆరిన్ వెళ్ళి కొక్కేనికి వేలాడుతున్న గుర్రపువెంట్రుకల గడ్డం తీసి చెవులకు తగిలించుకున్నాడు. కళ్ళజోడు తీశాడు. ఏసా, ఫిలీనా కూర్చున్న బెంచీకి ఇంకో కొసన కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు. ఇంకా పోలిక రాలేదు. అప్పుడు నోరు మూసుకున్నాడు.

“ఓరి దేవుడా,” అంది ఫిలీనా.

జనం బొమ్మను చూశారు, ఆయన్ను చూశారు. అదే. నుదుటిమీద అదే గీత, ముక్కు పక్కన అదే నీడ. శనివారం నుంచీ ఊరంతా కోటును చూసింది, వేలును చూసింది, పెద్దక్షరాలతో అందరిముందూ ఉన్న ముఖాన్ని ఒక్కరూ చూడలేదు.

“ఊళ్ళో ఇంత గొడవ జరుగుతుంటే నోరు విప్పలేదేం?” అన్నారెవరో.

“విప్పితే ఎందుకు కూర్చున్నావని అడుగుతారు,” అన్నాడు ఆరిన్, కళ్ళు మూసుకునే. గడ్డంలోంచి మాట మెత్తగా వచ్చింది. “అడిగితే చెప్పాలి.”

ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. అందరూ లెటీ నిలబడ్డ తలుపు వైపు తిరిగారు. అనవసరమైన ప్రశ్న వేయకుండా ఊరుకోవడం మా ఊరు ఆ పూటే నేర్చుకుంది.

లెటీ జనంలోంచి దారి చేసుకుంటూ ముందుకొచ్చింది. బొమ్మ వైపు చూడలేదు.

“నేను శనివారమే పోల్చుకున్నాను,” అంది.

ఆరిన్ కళ్ళు తెరిచాడు. “గడ్డంతోనా?”

“వారం వారం నా కౌంటరు ముందు నిలబడి స్టాంపు అంటిస్తావు. అంటించేటప్పుడు మాత్రమే నోరు మూస్తావు. నాకా ముఖం బాగా తెలుసు.”

“మరి చెప్పేయొచ్చుగా లెటీ! అందరూ నిన్ను అన్నన్ని మాటలంటుంటే, ఒక్కమాటతో పోయేది గదా!” అంది ఫిలీనా. శనివారం పైలను కదిలించినావిడే, ఇప్పుడు ఎవరిమీదో కోపంగా ఉంది.

“పోయేది,” అంది లెటీ. “కానీ ఆ మాట నేను చెప్పాల్సింది కాదు. ఆయన చెబుతాడేమో, చూద్దామనుకున్నా.”

బెంచీ మీద ఖాళీ కొంచెమే ఉంది. ఫిలీనా జరగలేదు, జరిగితే చెయ్యి కదులుతుంది. ఆరిన్ జరిగాడు. లెటీ కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆరిన్ గడ్డం తీసేసి, చెప్పడానికి నోరు తెరిచాడు. జనమంతా ముందుకు వంగారు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది; ఆ నోటికి మాట దొరక్కపోవడం అదే మొదటిసారి.